మఘ్రిబ్ వీధి అరబ్బీ, అందులో కలిసిపోయిన ఫ్రెంచి

1962 యానాం చరిత్ర తెలిసినవాళ్ళకు గుర్తుండే ఏడాది. 1954 జూన్‌లోనే మన ఊళ్ళో ఫ్రెంచి పాలన ముగిసినా, అప్పగింత ఒప్పందం చట్టప్రకారం అమల్లోకి వచ్చింది 1962 ఆగస్టు 16న. దానికి సరిగ్గా ఆరు వారాల ముందు, జూలై 5న, అల్జీరియాకు స్వాతంత్ర్యం వచ్చింది. ఏలినవాళ్ళు ఒకరే అయినా అనుభవం ఒకటి కాదు. అక్కడ 132 ఏళ్ళ పాలన, చివర ఏడున్నరేళ్ళ యుద్ధం. మన దగ్గర ఫ్రెంచి బడిలో, కచేరీలో ఆగిపోయింది. అక్కడ జనం మాటల్లోకి, క్రియాపదాల్లోకి కూడా దూరిపోయింది.

మొరాకో, అల్జీరియా, ట్యునీషియాల్లో జనం మాట్లాడే ఈ అరబ్బీని దారిజా అంటారు. ఫ్రెంచి వచ్చినవాళ్ళు నేర్చుకోబోతే మొదట హుషారుగానే ఉంటుంది. కారు ‘తోమోబీల్’, రైలు ‘త్రాన్’, స్టేషను ‘గార్’. అయితే ఆ మాటలు ఇప్పుడు ఫ్రెంచివాళ్ళవి కావు. కార్లు అనాలంటే అరబ్బీ బహువచనం తగిలించి ‘తోమోబీలాత్’ అంటారు. మనం ‘ఫోన్ చేశాను’ అని పరాయి మాట పక్కన మన క్రియ పెడతాం. వాళ్ళు పరాయి క్రియనే వంచేస్తారు: అల్జీరియా కుర్రాడు ‘న్‌రేవీజీ’ అంటే, నేను పాఠాలు తిరగేస్తున్నాను అని. పని లేక గోడకానుకుని నిలబడే యువకుడు ‘హిత్తిస్త్’. హీత్ అంటే గోడ, తోక మాత్రం ఫ్రెంచిది. ఎంత చక్కటి మాటో, అంత దిగులు!

అన్నీ ఫ్రెంచి నుంచే వచ్చాయనుకోకూడదండి. వంటగది ‘కూజీనా’, ఆస్పత్రి ‘స్బీతార్’ స్పెయిన్, ఇటలీ వైపు గాలులు. మన పాతతరం ‘కుసిని’, మన ‘ఆస్పత్రి’ వాటికి దూరపు చుట్టాలే. క్రియకు ముందు ‘మా’, వెనక ‘ష్’ పెట్టి కాదనడం కూడా ఫ్రెంచి అనుకరణ అంటారు కొందరు. ఈజిప్టువాళ్ళు కూడా అలాగే అంటారు కదా!

అసలు చిక్కు మరోచోట ఉంది. గోదావరి జిల్లాల నుంచి కువైట్ వెళ్ళి అరబ్బీ పట్టుకున్నవాళ్ళకు ‘న’తో మొదలయ్యే క్రియ అంటే ‘మేము’. మఘ్రిబ్‌లో ‘నెక్తెబ్’ అంటే ‘నేను రాస్తాను’. ‘మేము రాస్తాం’ అనాలంటే చివర ‘ఊ’ చేర్చి ‘నెక్తెబూ’ అనాలి.

ఈ మాండలికాన్ని మొదట పట్టుగా నేర్చినవాళ్ళలో వలస అధికారులే ఎక్కువ. 1844లో పెట్టిన అరబ్బు బ్యూరోల సైనికాధికారులు జనాన్ని ఏలడానికి నేర్చారు. విలియం మార్సే అనే పండితుడు త్లెమ్‌సెన్ ఊరి మాటతీరు మీద 1902లో పుస్తకమే వేశాడు. ఇంత తెలిసీ, 1938 నాటి ఉత్తర్వులో అల్జీరియాలో అరబ్బీని విదేశీ భాష కింద లెక్కవేశారు! స్వాతంత్ర్యం తర్వాత బడిలోకి వచ్చింది గ్రాంథిక అరబ్బీ. తల్లి మాట మళ్ళీ గుమ్మం బయటే.

ఈ బాధ మనకు కొత్త కాదు. ఇప్పుడు ఒడిశాలో ఉన్న పర్లాకిమిడిలో గిడుగు రామమూర్తి గారు పంతులుగా ఉంటూ తలకెత్తుకున్న పోరు కూడా ఇలాంటిదే. అల్జీరియాలో ఆ బరువు కతేబ్ యాసీన్ ఎత్తుకున్నాడు. 1956లో ఫ్రెంచిలో ‘నెజ్మా’ నవల రాసి పేరు తెచ్చుకున్నవాడు, 1971 నుంచి దారిజాలో నాటకాలు కట్టించాడు. మొదటిది ఫ్రాన్సుకు పెట్టె సర్దుకుని వలసపోయే కూలివాడి కథ. చదువురాని కార్మికులు కూడా దాన్ని చూశారు, దుబాసీ అక్కర్లేకుండా.