బొగ్గుట్ట లెక్క లండన్‌ల అడిగిండ్రు

హన్మకొండ హాస్టళ్లల్ల ఉండి గ్రూప్స్‌కు చదువుకునే మనకు సింగరేణి మీద నాలుగు బిట్లు నోటికి వస్తయి. 1871లో విలియం కింగ్ బొగ్గు కనిపెట్టిండు, 1889లో ఇల్లందులో తవ్వకం మొదలైంది, 1920లో సింగరేణి కాలరీస్ కంపెనీ అయింది, 1945లో నిజాం సర్కారు ఎక్కువ షేర్లు కొన్నది. బిట్లు తప్పు కాదు. కానీ 1871కీ 1889కీ నడుమ ఉన్న 18 ఏండ్లల్ల ఏం జరిగిందో మనం చదివే గైడ్లల్ల కనపడదు. అసలు కథ అంతా అక్కడే ఉన్నది. అది మన కథే, ఎందుకంటే అప్పుడు ఇల్లందు వరంగల్ జిల్లాలోనే ఉండె. ఖమ్మం జిల్లా వేరుపడ్డది 1953లో.

ముందు ఆ "కనిపెట్టిండు" అనే మాట చూద్దాం. భద్రాచలం పోయే యాత్రికులు దారిలో రాళ్లతో పొయ్యి పెట్టుకుంటే ఆ రాళ్లే అంటుకున్నయని ఇల్లందు దిక్కు ఒక కథ చెప్పుకుంటరు. బొగ్గుట్ట అనే పేరు కూడా ఆ ఊరికి ఉన్నదే. ఒక్క పూట వంటకు దిగిన యాత్రికులకు తెలిసిన రాయి, తరాల నుంచి అక్కడే పొయ్యి పెట్టుకున్న కోయ గూడేలకు తెలియకుండ ఉంటదా? కాగితం మీద ఎవరు రాస్తే వాళ్లు కనిపెట్టినట్టు.

బొగ్గుకు అంత గిరాకీ రావడానికి కారణం రైలు. ఆ కాలానికి రైలంటే ఇప్పటి ఇంటర్నెట్ లెక్క. అది వచ్చిన చోట సరుకు ధర మారుతది, భూమి ధర మారుతది, అధికారం చేతులు మారుతది. వాడి నుంచి సికింద్రాబాద్‌కు 1874లోనే రైలు వచ్చింది. దాన్ని వరంగల్ మీదుగా బెజవాడ, చాందా దాక పొడిగిస్తమని 1883లో ఒప్పందం తయారైంది. లైను నడిపేది లండన్‌ల పెట్టిన కంపెనీ. పెట్టుబడి మీద వడ్డీకి పూచీ మాత్రం నిజాం ఖజానాది. రైలు నష్టపోయినా షేరుదారు నష్టపోడు, ఇక్కడ పన్ను కట్టే రైతే ఆ భారం మోయాలె.

దీని మీద హైదరాబాద్‌ల కొందరు చదువుకున్నోళ్లు లేచిండ్రు. అఘోరనాథ్ చటోపాధ్యాయ, ముల్లా అబ్దుల్ ఖయ్యూం వాళ్లల్ల ముఖ్యులు. అఘోరనాథ్ అంటే సరోజినీ నాయుడు తండ్రి. వాళ్లు రైలు వద్దనలేదు. ఒప్పందం కాగితాలు జనం ముందు పెట్టండి, చర్చ జరగనియ్యండి అన్నరు. అంతే. దానికి అఘోరనాథ్‌ను 1883లో రాజ్యం దాటించిండ్రు. తర్వాత మళ్ల రానిచ్చిండ్రనుకోండి, కానీ కాగితం చూపించమన్నందుకు దేశబహిష్కారం అన్న సంగతి మనం గుర్తు పెట్టుకోవాలె.

మూడేండ్లకు గనుల వంతు వచ్చింది. 1886లో నిజాం రాజ్యమంతట ఖనిజాలు వెతికి తవ్వుకునే హక్కును వాట్సన్, స్టీవర్ట్ అనే ఇద్దరు ఇంగ్లీషువాళ్లకు 99 ఏండ్లకు రాసిచ్చిండ్రు. ఒక ఉట్టో ఒక ఊరో కాదు, రాజ్యమంతా. వాళ్లు లండన్‌ల హైదరాబాద్ దక్కన్ కంపెనీ పెట్టిండ్రు. మూలధనం 10 లక్షల పౌండ్లని చూపించిండ్రు, 10 పౌండ్ల షేర్లు లక్ష. వినడానికి ఎంత పెద్ద కంపెనీ! కానీ ఆ లక్షల 85,000 షేర్లు పైసా కట్టకుండనే, పూర్తిగా కట్టినట్టు రాసి, హక్కు తెచ్చినోళ్లకే ఇచ్చుకున్నరు. జనానికి అమ్మకానికి పెట్టినవి 15,000 మాత్రమే.

ఇగ ఇక్కడ మన దిక్కు మనిషి వస్తడు. నిజాం తరఫున ఈ బేరాలు నడిపిన పెద్ద అధికారి అబ్దుల్ హఖ్, సర్దార్ దిలేర్ జంగ్ అనే బిరుదు ఉన్నాయన. కంపెనీ షేర్లు కొంటే రాజ్యానికి లాభమని చెప్పి నిజాం ఖజానా పైసలతో, రాసిన ధర కంటే ఎక్కువ పెట్టి, షేర్లు కొనిపించిండు. తర్వాత బయటపడ్డది ఏందంటే, అమ్మింది కూడ ఆయనే. లోపాయికారిగ తనకు ముట్టిన షేర్లనే, బజారుల కొన్నట్టు చూపించి, తన సర్కారుకే అంటగట్టిండు. కొనేటోడూ ఆయనే, అమ్మేటోడూ ఆయనే.

1888లో ఇది బ్రిటిష్ పార్లమెంటు దాక పోయింది. హౌస్ ఆఫ్ కామన్స్ సెలెక్ట్ కమిటీ వేసి సాక్షులను పిలిచి విచారణ చేసింది. అబ్దుల్ హఖ్ పదవి పోయింది. ఒక కంపెనీ బాగోతం మీద ఆ కాలంలోనే పార్లమెంటు విచారణ జరిగిందంటే మామూలు ముచ్చట కాదు, మనం ఒప్పుకోవాలె. కానీ ఆ విచారణల తేల్చిన లెక్క ఎవరిది? షేరు కొన్నోళ్లు మోసపోయిండ్రా, నిజాం ఖజానా మోసపోయిందా, ఈ రెండే. బొగ్గు ఉన్న గుట్ట ఎవరిదన్నది అక్కడ ప్రశ్నే కాలేదు. మరుసటి ఏడే ఇల్లందులో తవ్వకం మొదలైంది. దొంగతనం పట్టుకున్నరు, పట్టుకున్నంక ఆ హక్కు పత్రం మాత్రం నడుస్తనే ఉన్నది. ఆ కంపెనీ ఆస్తులే 1920లో సింగరేణి కాలరీస్‌కు వచ్చినయి.

తర్వాత చట్టాలు వచ్చినయి, అవి ఊరికె రాలేదు. 1940లో జోడేఘాట్‌ల కొమురం భీం నేలకొరిగినంకనే సర్కారు గిరిజన ప్రాంతాల దిక్కు చూసింది. 1959 భూబదలాయింపు నిబంధన, దాన్ని గట్టి చేసిన 1/70 మనకు తెలిసినవే. 1997 జూలై 11న సమత కేసుల సుప్రీంకోర్టు ఇంకో అడుగు వేసింది. అయిదో షెడ్యూలు ప్రాంతంల ప్రైవేటు కంపెనీలకు సర్కారు కూడ భూమి లీజుకు ఇయ్యొద్దన్నది. సర్కారు సంస్థలకు మాత్రం ఆ అడ్డు లేదు. సింగరేణి 1956 నుంచి సర్కారు చేతిలనే ఉన్నది కాబట్టి ఆ తీర్పు సింగరేణికి తగలదు.

అందుకే 2021 డిసెంబర్ ముచ్చట మనకు ముఖ్యం. కేంద్రం నాలుగు బొగ్గు బ్లాకులను వేలానికి పెడితే సింగరేణి కార్మికులు మూడు రోజులు సమ్మె చేసిండ్రు. ఆ నాలుగిట్ల ఒకటి కోయగూడెం బ్లాక్-3, టేకులపల్లి మండలంల ఉంటది, ఇల్లందు పక్కనే. సమ్మె న్యాయమైందే. ప్రైవేటుకు పోవద్దనే మేమూ అంటం. కానీ కేంద్రమా రాష్ట్రమా, సింగరేణా ప్రైవేటా అని నాయకులు కొట్లాడుతుంటే మాకు మళ్ల 1888 కమిటీయే యాదికొచ్చింది. పేరులోనే కోయ ఉన్న ఊరు. పెసా చట్టం 1996ది, మన దగ్గర దాని నిబంధనలు 2011వి. భూమి తీసుకునే ముందు గ్రామసభను అడగాలని అందులో ఉన్నది. ఆ ముచ్చట ఎంతమంది నాయకుల నోట విన్నం?

ఇంకో లెక్క కూడ ఉన్నది. 2015 నుంచి గనులున్న జిల్లాలల్ల జిల్లా మినరల్ ఫౌండేషన్ నిధి ఉంటది. గని వల్ల నష్టపోయిన ఊర్ల కోసమే ఆ పైసలు. ఏ ఊరికి ఎంత పోయింది, ఏ రోడ్డుకు, ఏ బడికి, ఏ బిల్డింగుకు పెట్టిండ్రు అన్నది కాగితం మీద ఉంటది. అఘోరనాథ్‌కు లేని సమాచార హక్కు చట్టం 2005 నుంచి మనకు ఉన్నది. ఊరి స్థాయిల దరఖాస్తుకు ఫీజు లేదు, మండలంల 5 రూపాయలు, జిల్లాల 10. టేకులపల్లి, ఇల్లందు, కారేపల్లి, భూపాలపల్లి దిక్కు తమ్ముళ్లు, చెల్లెండ్లు సంక్రాంతి సెలవులకు ఇంటికి పోయినప్పుడు తలా ఒక దరఖాస్తు వేసి రండి. జవాబులు వచ్చినంక ఊరు వారీగ పట్టిక మనమే కూర్చుని రాద్దాం.