శోకానికి గొంతునిచ్చిన థేరీలు

మన వాడల్లో చావు ఇంట ఆడవాళ్లు పోయినవారి గుణాలు ఒక్కొక్కటే తలచుకుంటూ రాగం తీసి ఏడుస్తారు. చదువుకున్నవారిలో కొందరికి అది మోటుగా కనిపిస్తోంది. బౌద్ధులమయ్యాక ఏడవకూడదనే వారూ ఉన్నారు. మన ధమ్మ సాహిత్యం అలా చెప్పడం లేదు.

సుత్తపిటకంలోని ఖుద్దకనికాయంలో థేరీగాథలున్నాయి. తొలినాటి భిక్షుణుల పేరిట 73 గాథలు. స్త్రీల గొంతు వినిపించే ప్రపంచపు అతి ప్రాచీన సంకలనాల్లో ఇదొకటి.

కిసాగోతమి కథ మనకు తెలిసిందే. చనిపోయిన బిడ్డను ఎత్తుకుని మందు కోసం తిరుగుతున్న ఆమెను, చావు ఎరగని ఇంటి నుంచి ఆవాలు తెమ్మన్నాడు బుద్ధ భగవానుడు. 1926లో కన్నకొడుకు రాజరత్నను పోగొట్టుకున్న బాబాసాహెబ్, 'బుద్ధుడు - ఆయన ధమ్మం'లో ఈ కథను చేర్చారు.

అయితే ఆవాల కథ వ్యాఖ్యానాలది. కిసాగోతమి గాథల్లో అది లేదు. అక్కడున్నది వేరే దుఃఖం: నడిదారిలో ప్రసవం, భర్త మరణం, ఇద్దరు కొడుకుల మరణం, ఒకే చితిపై కాలుతున్న తల్లి, తండ్రి, సోదరుడు. ఇది పటాచార అనుభవమని వ్యాఖ్యాత ధమ్మపాలుడు చెబుతాడు. పటాచార సొంత గాథల్లో మాత్రం పోయినవారి ఊసే లేదు. కాళ్లు కడిగిన నీరు పల్లానికి పారడం, దీపపు వత్తిని కిందికి లాగడం, అంతే.

దీన్నిబట్టి మాకు తోచేదొకటే. ఒకరు చెప్పుకోలేని దుఃఖాన్ని మరొకరు తమ గొంతుతో పలికారు. సంఘం దాన్ని భద్రపరిచింది. కూతురు జీవా కోసం శ్మశానంలో విలపించిన ఉబ్బిరిని కూడా బుద్ధుడు నోరు మూసుకోమనలేదు, ప్రశ్న అడిగి ఆలోచింపజేశాడు. గుండెలో దిగిన బాణం బయటికి వచ్చిందని ఆమె తానే చెప్పుకుంది.

న్యాయశాస్త్రం చదివిన మాకు వాంగ్మూలం విలువ తెలుసు. నమోదు కాని మాట కాలంతోపాటే పోతుంది. కులదాడుల్లో బిడ్డల్ని పోగొట్టుకున్న తల్లుల మాటలు ఎన్ని అలా పోయాయో!

అందుకే ఉపాసక మిత్రులకు మా విన్నపం. మరణానంతర కార్యక్రమంలో త్రిశరణ పంచశీలాలు పఠించాక, కర్మకాండల ఖర్చుకు బదులు ఒక నోటుపుస్తకం పెట్టండి. ఇంటివారు పోయినవారి గురించి రాయనివ్వండి. రాయలేని అమ్మ పాడితే మనవరాలు రాసుకోవాలి. పిల్లలు బొమ్మ వేసినా సరే. దుఃఖం ఒక్కరోజులో తీరదు, కానీ ఒంటరిగా మోసే బరువు కొంత తగ్గుతుంది. థేరీలు మనకు చూపిన దారి అదే.