కావెంట్రీ కారు చెప్పే చరిత్ర

రెండో ప్రపంచ యుద్ధం గెలిచిన బ్రిటన్ అప్పుల్లో మునిగి, 1954 దాకా రేషన్ పుస్తకాలతో బతికిందన్న సంగతి ఇక్కడ స్థిరపడిన మనవాళ్ళకు అంతగా పట్టదు. అక్కడి నుంచి ఈ దేశం ఎలా తేరుకుందో తెలుసుకోవాలంటే జాగ్వార్ ఇ-టైప్ కూపేనీ, ఆస్టన్ మార్టిన్ డీబీ5నీ పక్కపక్కన పెట్టి చూడమంటాను. రెండూ ఆరు సిలిండర్ల ఇంజన్లతో, సుదూర ప్రయాణాలను వేగంగా, సుఖంగా చేయడానికి తయారైనవే. పాత కార్లు సేకరించేవాళ్ళు డీబీ5కి ఇ-టైప్ కన్నా కొన్ని రెట్లు ఎక్కువ పెడతారు. చరిత్రకు సాక్ష్యంగా చూస్తే మాత్రం ఇ-టైప్‌దే పైచేయి అని నా నమ్మకం.

యుద్ధం ముగిశాక ప్రభుత్వం ఎగుమతులను బట్టి కంపెనీలకు ఉక్కు కేటాయించింది. డాలర్లు తేగలిగినవాడికే ఉక్కు. 1922లో బ్లాక్‌పూల్‌లో మోటార్‌సైకిళ్ళకు సైడ్‌కార్లు చేస్తూ మొదలుపెట్టిన జాగ్వార్ అధినేత విలియం లయన్స్ ఈ లెక్కను బాగా అర్థం చేసుకున్నాడు. 1940 నవంబరు బాంబుదాడిలో కాలిపోయిన కావెంట్రీ నగరంలోనే, యుద్ధం కోసం కట్టిన ఒక కర్మాగారంలోకి జాగ్వార్‌ను మార్చాడు. ఇ-టైప్ ఆకృతిని గీసిన మాల్కం సేయర్ బ్రిస్టల్ విమాన కంపెనీలో పనిచేసి వచ్చినవాడు. విమానాల్లోలాగే కారు మధ్యభాగం రేకుతోనే బరువు మోసే గుల్ల, ముందు ఇంజన్‌ను పట్టుకునేది గొట్టాల చట్రం. యుద్ధం కోసం నేర్చిన విద్య శాంతికాలంలో డాలర్లుగా మారిందనడానికి ఇంతకన్నా రుజువేం కావాలి? 1961లో జెనీవాలో చూపించిన ఈ కారు అన్ని రకాలూ కలిపి 72,000కు పైగా తయారైంది. అందులో ఎక్కువ భాగం అమెరికాకే వెళ్ళింది.

డీబీ5 అరుదు కదా, 1963-65 మధ్య వెయ్యికి కాస్త పైగానే చేశారు కదా అంటారు. నిజమే. యార్క్‌షైర్‌లో గేర్లు, ట్రాక్టర్లు చేసే డేవిడ్ బ్రౌన్ 1947లో ఆస్టన్ మార్టిన్ కంపెనీని కొన్నాడు. న్యూపోర్ట్ ప్యాగ్నెల్‌లో పనివాళ్ళు అల్యూమినియం రేకును చేత్తో మలిచేవారు. ధర ఇ-టైప్‌కు దాదాపు రెట్టింపు. ఆ అరుదుతనం చెప్పేది కొనగలిగినవాళ్ళు ఎంత కొద్దిమందో మాత్రమే. దాని పేరుప్రతిష్ఠల్లో పెద్ద వాటా 1964 నాటి జేమ్స్ బాండ్ సినిమా ‘గోల్డ్‌ఫింగర్’ది. ఆ కారులో నాకు నచ్చే చరిత్ర వేరే ఉంది: బాడీ నిర్మాణ పద్ధతి మిలాన్ నగరపు టూరింగ్ సంస్థది, ఇంజన్ పోలండ్ నుంచి వచ్చిన టాడెక్ మారెక్‌ది. బయటివాళ్ళ ప్రతిభ ఈ దేశానికి ఎంత కలిసొచ్చిందో ఇక్కడ స్థిరపడిన మనం గుర్తుంచుకోవాలి.

ఇ-టైప్ తుప్పు పడుతుంది, మొదటి కార్ల గేర్‌బాక్స్ మొండిది అన్న ఫిర్యాదులో అబద్ధం లేదు. గేర్‌బాక్స్ 1964లో 4.2 లీటర్ల ఇంజన్‌తో పాటు బాగుపడింది. తుప్పు మాటకొస్తే, అల్యూమినియం రేకు కింది ఉక్కు గొట్టాలకు తగిలేచోట తేమ చేరి డీబీ5 కూడా పాడైపోతుంది. 1968లో జాగ్వార్ బ్రిటిష్ లేలాండ్‌లో కలిసి నాణ్యత కోసం తంటాలు పడడం, చివరికి 2008లో మన టాటాల చేతికి రావడం కూడా ఈ దేశ పరిశ్రమ కథలో భాగమే.

ఇ-టైప్‌ను చరిత్రకు సాక్ష్యంగా చూస్తాను కనుకే, అమెరికా నుంచి తిరిగొచ్చిన ఇ-టైప్ స్టీరింగ్‌ను ఎడమ నుంచి కుడికి మార్పించే అలవాటు నాకు నచ్చదు. ఇక్కడి రోడ్ల మీద నడపడానికి అదే సులువన్నది ఒప్పుకుంటాను. కానీ ఆ కారు పుట్టిందే డాలర్ల కోసం. ఆ సంగతి చెప్పే గుర్తు ఎడమవైపు స్టీరింగే. కొనేవాళ్ళు దాన్ని కదిలించకుండా ఉంచాలి.