ప్రదక్షిణ రాత్రి ట్యాంకుకు కాపలా

గోపాలపట్నం నుంచి గోశాల కూడలి వైపు వెళ్లే రోడ్డు. ఆషాఢ చతుర్దశి రాత్రి, పదకొండు దాటింది. మీరు ఒక మేడ మీద, వెయ్యి లీటర్ల నల్ల సింటెక్స్ ట్యాంకు పక్కన నిలబడి ఉన్నారు. సాయంత్రం పడ్డ జల్లుకు గచ్చు ఇంకా తడిగానే ఉంది. గాలి ఆడటం లేదు, చొక్కా వీపుకి అంటుకుపోతోంది. కింద రోడ్డు నిండా జనం. సింహాచలం కొండ కింద తొలి పావంచా దగ్గర కొబ్బరికాయ కొట్టి మధ్యాహ్నం బయల్దేరినవాళ్లు అడవివరం, ముడసర్లోవ, హనుమంతవాక, అప్పూఘర్, ఇసుకతోట, ఎన్ఏడీ మీదుగా కొండను చుట్టి ఇప్పుడు ఇటు వస్తున్నారు. ఈ గిరి ప్రదక్షిణ మొత్తం దారి 32 కిలోమీటర్లు. ఇక్కడికి వచ్చేసరికి చాలామంది నడక మారిపోయింది. చెప్పుల్లేని పాదం పూర్తిగా మోపలేక మడమ మీదికోసారి, వేళ్ల మీదికోసారి బరువు మార్చుకుంటున్నారు. ముందు ఎవరో "సింహాద్రి అప్పన్నా" అని అందుకుంటే వెనక గుంపంతా "గోవిందా" అంటోంది.

గేటు ముందు షామియానా వేశారు. దాని కింద ఒక పక్క మంచినీళ్ల క్యాన్లు, మజ్జిగ బిందెలు. ఇంకో పక్క గోడవారగా నాలుగు కుళాయిలు బిగించిన పైపు. నడిచి వచ్చినవాళ్లు అక్కడ ఆగి కాళ్ల మీద నీళ్లు పోసుకుంటారు, మొహం తడుపుకుంటారు, కాసేపు గోడకి ఆనుకుని మళ్లీ కదులుతారు. ఆ పైపు తిన్నగా మీ పక్కనున్న ట్యాంకు నుంచే దిగుతోంది. నాలుగు కుళాయిలూ ఆగకుండా పారితే ఈ వెయ్యి లీటర్లు గంటసేపు కూడా నిలవవు.

నిరుటి దాకా ఈ రాత్రంతా ఈ ఇంటి ఇల్లాలికి మెట్ల మీదే గడిచేది. టార్చి పట్టుకుని ఎక్కడం, మూత తీసి చూడడం, దిగి మోటారు వేయడం, పొంగకముందే మళ్లీ ఎక్కి చూడడం. ప్రదక్షిణ రాత్రే కాదు, ఏడాది పొడుగునా తెలుగింటి ఆడవాళ్ల చెవి ఒకటి ఎప్పుడూ ట్యాంకు మీదే ఉంటుంది. పొయ్యి మీద పోపు మాడుతున్నా, పిల్లాడికి లెక్కలు చెప్తున్నా, పైనుంచి నీళ్లు జారే చప్పుడు కోసం వింటూనే ఉండాలి. వినపడకపోతే పక్కింటివాళ్లు కేకేస్తారు: "మీ ట్యాంకు పొంగిపోతోందండీ!" ఆ కాపలాకు ఎవరూ లెక్క కట్టరు, అదీ ఒక పనేనని ఎవరూ అనరు.

ఈ యేడు ఆ కాపలా ఒక చిన్న బోర్డుకు అప్పజెప్పారు.

పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ చదివే ఈ ఇంటి అమ్మాయి ఫోను లైటు వేసి ట్యాంకు పక్క గోడకు బిగించిన ప్లాస్టిక్ డబ్బా తెరుస్తుంది. లోపల బొటనవేలంత వెడల్పున్న బోర్డు, మీద ఒక నీలి చుక్క దీపం. దాని పేరు నోడ్ఎంసీయూ, ధర మూడు నాలుగు వందల రూపాయలు. ఇలాంటి బోర్డులు సామాన్యుల చేతికి రావడం ఈ ఇరవయ్యేళ్ల ముచ్చటే. 2005లో ఇటలీలోని ఇవ్రియాలో, ఎలక్ట్రానిక్స్ చదవని డిజైన్ విద్యార్థుల కోసం ఆర్డ్యుయినో పుట్టింది. 2012 ఫిబ్రవరి 29న ఇంగ్లండు నుంచి రాస్ప్‌బెర్రీ పై వచ్చింది. పిల్లలు మళ్లీ ప్రోగ్రామింగు నేర్చుకోవాలని ఎబెన్ అప్టన్, ఆయన కేంబ్రిడ్జి సహచరులు తలపెట్టిన కంప్యూటర్ అది, అప్పటి ధర 35 డాలర్లు. 2014లో షాంఘైలోని ఎస్ప్రెసిఫ్ సంస్థ వైఫైతో సహా ఒకే చిప్పులో ఇమిడ్చి ఈఎస్‌పీ8266ను తెచ్చింది. మీ ముందున్న బోర్డు గుండెకాయ ఆ చిప్పే. కెమెరా పెట్టి బొమ్మలు చూడాలంటే రాస్ప్‌బెర్రీ పై కావాలి గానీ, నీళ్లు ఎంత ఉన్నాయో కొలవడానికి ఇది చాలు.

"మూత కింద చూడండి" అంటుంది అమ్మాయి. ట్యాంకు మూతకు చేసిన రంధ్రంలోంచి కారు వెనక బంపరుకు ఉండే సెన్సార్ లాంటిదే ఒకటి నీళ్లకేసి చూస్తోంది. మన చెవికి అందని శబ్దాన్ని అది కిందికి పంపుతుంది. నీటిని తాకి తిరిగొచ్చిన శబ్దాన్ని పట్టుకుని, ఎంతసేపు పట్టిందో బోర్డుకు చెబుతుంది. నీళ్లు మూత నుంచి 110 సెంటీమీటర్ల లోతుకు దిగిపోతే పోయి రావడానికి సెకనులో వెయ్యోవంతులు ఆరు దాటుతాయి. మూతకు 30 సెంటీమీటర్ల దూరం దాకా నిండితే రెండుకు లోపే. అంతకన్నా దగ్గరికొస్తే ఈ సెన్సారుకు కొలత అందదు. అందుకే మూతకు 30 సెంటీమీటర్ల దిగువనే ట్యాంకు నిండినట్టు లెక్క. మూతకు పట్టిన ఆవిరి చుక్కల వల్ల అప్పుడప్పుడూ తప్పుడు కొలత వస్తుంది. దానికి ఉపాయంగా ప్రతిసారీ ఏడు కొలతలు తీసుకుని, వరసలో పెట్టి, మధ్యదాన్నే నమ్మమని ప్రోగ్రాములో రాసింది. ఒక్క అబద్ధపు కొలతకు మోటారు కదలదు.

మీరు చూస్తుండగానే ఫోను తెర మీద, మూత నుంచి నీటి దాకా ఉన్న దూరం చూపే అంకె 96, 97, 98 అని పెరుగుతోంది. కుళాయిల దగ్గర గుంపు పెద్దదైంది. వంద చేరగానే కింద, మెట్ల గూట్లోంచి రెండు చప్పుళ్లు. ముందు 'టిక్', వెంటనే గట్టిగా 'ఠక్'. బోరు మోటారు అందుకుంది. పైపులో గాలి గుర్రుమని, ట్యాంకులోకి నీళ్లు దూకాయి.

ఆ రెండు చప్పుళ్ల వెనక ఒక కథ ఉంది. మెట్లు దిగి చూడండి. గూట్లో ఇంకో నోడ్ఎంసీయూ. పైదానితో ఇది వైర్లెస్సుగా మాట్లాడుతుంది, ఇంట్లో ఇంటర్నెట్ లేకపోయినా ఫరవాలేదు. దీని పక్కన, బోర్డు చెప్పినట్టు వేసి ఆర్పే స్విచ్చి లాంటి నీలం రంగు రిలే, దాని పక్కన అదే పనిని పెద్ద కరెంటుకు చేసే బరువైన కాంటాక్టర్. రిలే ఒంటి మీద పది ఆంపియర్లు అని రాసి ఉంది. ఒక హార్స్‌పవర్ మోటారు తిరిగేటప్పుడు ఆరు ఆంపియర్ల దరిదాపుల్లో తీసుకుంటుంది కదా, రిలే చాలనుకుంది అమ్మాయి. వైరింగుకు వచ్చిన ఎలక్ట్రీషియన్ ఆ ముక్క చేతిలోకి తీసుకుని ఇటూ అటూ తిప్పి చూశాడు. "తిరిగేటప్పుడు ఆరే పాపా. లేచేటప్పుడు దానికి అయిదారు రెట్లు లాగుతాది. ఈ చిన్న ముక్కకి లోపల రేకులు అతుక్కుపోతాయి. అతుక్కుపోతే నీ కంప్యూటర్ ఆపమన్నా మోటారు ఆగదు" అన్నాడు. అందుకే రిలే ఇప్పుడు కాంటాక్టర్‌ను మాత్రమే కదిలిస్తుంది, మోటారు భారం కాంటాక్టర్ మోస్తుంది. బోర్డు గురించి పాపకు తెలుసు, కరెంటు గురించి మేస్త్రికి తెలుసు. ఇద్దరి విద్యా కలిస్తేనే ఈ పెట్టె పనికొచ్చింది.

పన్నెండున్నరకు కరెంటు పోయింది. వీధంతా చీకటి. జనం ఫోను లైట్లు వేసుకున్నారు, నడక ఆగలేదు. ట్యాంకులో సగానికి పైగా నీళ్లున్నాయి కాబట్టి కుళాయిలూ ఆగలేదు. పావుగంటకు కరెంటు వచ్చింది గానీ మోటారు కదల్లేదు. అరుగు మీద కూర్చున్న మామ్మ ఊరుకోలేదు.

"కరెంటొచ్చింది కదే, మోటారెయ్యదేటి నీ పెట్టె?"

"మూడు నిమిషాలాగి ఏస్తాది మామ్మా. అందరూ ఒకేసారి మోటార్లేస్తే ఓల్టేజీ పడిపోద్ది కదా."

మూడు నిమిషాలకు 'టిక్', 'ఠక్'. మామ్మ తల పంకించి మళ్లీ గోవింద నామంలో పడింది.

ఇప్పుడు డాబా మీదికి మళ్లీ వచ్చి వీధి దీపాల వరస చూడండి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను ఈ నగరం మీద విరుచుకుపడినప్పుడు స్తంభాలు నేలకూలి విశాఖ చీకటైంది. మరుసటి ఏడు ఈఈఎస్ఎల్ సంస్థ నగరపాలక సంస్థతో కలిసి 90 వేలకు పైగా వీధి దీపాలను ఎల్ఈడీలుగా మార్చింది. వాటిని వేసి ఆర్పే పెట్టెలను ఒకచోట నుంచి గమనించే ఏర్పాటూ వచ్చింది. పొద్దుగూకగానే తిరిగి స్విచ్చులు వేసే మనిషి పని అక్కడ పెట్టె చేస్తోంది. నగరం తన దీపాలకు చేసుకున్న ఏర్పాటునే ఈ ఇల్లు తన ట్యాంకుకు చేసుకుంది. తేడా డబ్బులో ఉంది. ఇక్కడ మొత్తం ఖర్చు కాంటాక్టర్‌తో కలిపి రెండు వేలు, కాస్త అటూ ఇటూ.

ఒంటిగంట దాటాక అసలు పరీక్ష వచ్చింది. మోటారు తిరుగుతూనే ఉంది, ట్యాంకులో పడే ధార సన్నబడింది. సాయంత్రం నుంచి ఇంతింత తోడితే బోరు మాత్రం ఎంతని ఇస్తుంది? మోటారు తీగ చుట్టూ తొడిగిన చిన్న సెన్సార్ ఆ సంగతి ముందే పట్టింది. నీళ్లెత్తే బరువు తప్పగానే మోటారు తీసుకునే కరెంటు తగ్గిపోతుంది. పది సెకన్లు అలాగే తక్కువగా ఉండేసరికి బోర్డు మోటారును ఆపేసి బజర్ మోగించింది. బోరులో దిగి ఉండే మోటారుకు నీళ్లే చల్లదనం, నీళ్లే కందెన. ఉత్తిగా తిరిగితే వైండింగ్ కాలిపోతుంది. పైపులన్నీ పైకి లాగి, రీవైండింగ్ చేయించి మళ్లీ దించాలంటే వేల రూపాయల ఖర్చు. నీళ్లు పొంగడం కళ్లకు కనిపించే నష్టం, దీనిముందు అది చిన్నది.

నలభై నిమిషాలు బోరు ఊరనివ్వాలని బోర్డుకు చెప్పి ఉంచారు. ఈలోపు ఏం చేయాలన్నది దానికి తెలియదు, తెలియాల్సిన పనీ లేదు. బజర్ విని ఇల్లాలు లేచింది. రోడ్డు వైపు ఒకసారి చూసింది. రెండు కుళాయిలు కట్టేయించింది. సంపులో పట్టి ఉంచిన మున్సిపల్ నీళ్లను చిన్న పంపుతో పైకి ఎక్కించమంది. "మజ్జిగ క్యాన్లు ఇటు జరపండి, కాళ్లకి నీళ్లు ఆ రెంటి దగ్గరే" అని కుర్రాళ్లకు చెప్పింది. వచ్చే జనాన్ని చూసి, ఎవరికి ఏది ముందు కావాలో తేల్చిన మనిషి ఆమె. కాపలా యంత్రానికి వదిలినందుకే ఆ నిర్ణయానికి ఆమె దగ్గర ఓపిక మిగిలింది. చవక బోర్డుల వల్ల ఇంటికి జరిగే మేలు నా దృష్టిలో ఇదే. ఫోనులో నొక్కితే ఫ్యాను తిరగడం వింతగా బాగుంటుంది, దానివల్ల ఎవరి కాళ్ల నొప్పీ తగ్గదు.

గూట్లో ఎర్ర స్విచ్చి ఒకటి ఉంది, గమనించారా? దాన్ని తిప్పితే బోర్డుతో సంబంధం లేకుండా పాత పద్ధతిలో మోటారు వేసుకోవచ్చు, ఆపుకోవచ్చు. పైబోర్డు నుంచి అర నిమిషం కబురు రాకపోతే కిందిబోర్డు తనంతట తనే మోటారు ఆపేస్తుంది. పెట్టె మూత లోపలి వైపు తెలుగులో చేతిరాత కాగితం అంటించి ఉంది: ఏ తీగ ఎక్కడిది, ఏ దీపం వెలిగితే ఏమని అర్థం, పనిచేయకపోతే ముందు ఏం చూడాలి. ఆ అమ్మాయి పెళ్లయి వెళ్లిపోయినా, పై చదువులకు పోయినా ఈ ఇంటివాళ్లు చిక్కులో పడరు. తయారుచేసినవాళ్లకు తప్ప ఇంకొకరికి అర్థంకాని పరికరం ఇంటికి కొత్త బరువవుతుంది.

ఈ బోర్డును ఆమె మొదట చూసింది బళ్లో. 2016 నుంచి నీతి ఆయోగ్ దేశమంతటా బళ్లలో అటల్ టింకరింగ్ ల్యాబులు పెట్టిస్తోంది, ఒక్కో బడికి 20 లక్షల దాకా సాయం. ఆరో తరగతి నుంచి ఇంటర్ దాకా పిల్లలు అక్కడ ఆర్డ్యుయినో మీద చెయ్యి వేయొచ్చు. చాలామంది ఎల్ఈడీ వెలిగించి, ప్రదర్శనలో బహుమతి తీసుకుని ఆగిపోతారు. ఆ వెలిగిన దీపం ఇంటి మెట్ల గూటి దాకా రావాలంటే పక్కన ఒక మేస్త్రి ఉండాలి, ఇంట్లో ఒక అవసరం ఉండాలి, రెంటినీ చూడమని చెప్పే టీచరు ఉండాలి.

నాలుగు కావస్తోంది. బోరు ఊరింది, నాలుగు కుళాయిలూ మళ్లీ తెరిచారు. ఎలక్ట్రీషియన్ తనూ ప్రదక్షిణ చేసి వచ్చి, కాళ్లు కడుక్కుని, అరుగు మీద కూలబడ్డాడు. మోటారు చప్పుడు కాసేపు విన్నాడు.

"పాపా, మా ఇంటికీ ఒకటి పెట్టవా? మీ పిన్ని మోకాళ్లు బాగా పట్టేసినాయి, మెట్లెక్కలేకపోతంది."

"సామాను తెప్పిస్తాను బాబాయ్, ప్రోగ్రాం కూడా ఇస్తాను. పెట్టడం మాత్రం మీ అబ్బాయి సేత సేయిస్తాను, పక్కన నేనుంటాను. రేపు పాడైతే వాడే ఇప్పి సూడాల కదా."