రికార్డులో బంజరు, నేల మీద గాయరాన్

మార్గశిరంలో నాందేడ్ జిల్లా లోహా తాలూకా మాళేగావ్‌లో ఖండోబా జాతర. మరాఠీవాళ్ళకు ఖండోబా, కన్నడిగులకు మైలారుడు, తెలంగాణ గొల్లకురుమలకు మల్లన్న. ఎవరి దేవుడని అడిగినా చల్లేది ఒకటే పసుపు బండారి. దర్శనం అయ్యాక జనం సంతలో పడతారు. గుర్రాలు, గాడిదలు, ఒంటెలు, గొర్రెలు, వాటి మధ్య ఎర్ర కంధారీ ఎడ్లు. కొనేవాడు ముందు పళ్ళు చూస్తాడు, తర్వాత గిట్టలు, ఆపైన నాలుగడుగులు నడిపించి చూస్తాడు. రాష్ట్రకూటుల నాటి కోట ఉన్న కంధార్ ఈ జాతికి పుట్టిల్లు. నాలుగో శతాబ్దంలో సోమదేవరాయలనే రాజు దీన్ని పెంచాడని అక్కడివాళ్ళు చెప్పుకుంటారు. రాజు సంగతి ఎలా ఉన్నా, ఎద్దును తరతరాలుగా పెంచింది మాత్రం గడ్డి.

నాందేడ్ పేరు చెబితే గోదావరి, నల్లరేగడి, పత్తి గుర్తొస్తాయి. కంధార్, ముఖేడ్ వైపు వెళితే దృశ్యం మారుతుంది. బాలాఘాట్ గుట్టల తోక అది. నల్లరాయి మీద జానెడు మొరం. నాగలి దిగదు, పెద్ద చెట్టు వేరు పట్టదు. వానాకాలం నాలుగు నెలలూ గడ్డి మాత్రం మోకాలెత్తు లేస్తుంది. భారత వ్యవసాయ పరిశోధనా మండలి 1973లో దేశంలోని గడ్డినేలల మీద ఒక గ్రంథం ప్రచురించింది. అది రాసిన డబడ్‌ఘావ్, శంకరనారాయణ్ దక్కన్ బయళ్ళకు సెహిమా–డైకాంథియం అని పేరు పెట్టారు. సెహిమా అంటే మన నెండ్ర గడ్డి, డైకాంథియం అంటే మరాఠీ రైతు మార్వెల్ అని పిలిచేది. పశువులు రెండింటినీ ఇష్టంగా తింటాయి.

అడవి నరికితే మిగిలిందే ఈ పచ్చిక అని ఆ తరం శాస్త్రవేత్తలు అనుకునేవారు. ఆ మాటను ఇప్పుడు చాలామంది ఒప్పుకోవడం లేదు. పశ్చిమ మహారాష్ట్ర మీద అశీష్ నెర్లేకర్, దిగ్విజయ్ పాటిల్ ఈమధ్య పరిశోధన చేశారు. పాత మరాఠీ గ్రంథాల్లో, జానపద గీతాల్లో వచ్చే చెట్ల పేర్లన్నీ ఏరి చూస్తే, అందులో ఎక్కువ భాగం ఎండ కావాలనే బయలు మొక్కలే. శతాబ్దాల కిందట కూడా అది బయలే.

ఈ బయలు ఎంత గట్టిదో తెలియాలంటే కార్తీకంలో అందులో నాలుగు బారలు నడిస్తే చాలు. పంచె అంచు నిండా ఈటెల్లాంటి గింజలు గుచ్చుకుంటాయి. ఆ గడ్డిని మరాఠీలో కుసళి అంటారు. గింజ కొన సూది, వెనక పురిపెట్టిన నల్లటి తోక. చెమ్మ తగిలితే తోక పురి విప్పుకుంటుంది, ఎండితే మళ్ళీ మెలిపడుతుంది. ఆ తిరుగుడుకు గింజ బరమాలా మట్టిలోకి దిగిపోతుంది. నాటేవాడు అక్కర్లేదు. మట్టి దొరక్కపోతే గొర్రె చర్మంలోకీ దిగుతుంది, అందుకే గింజ ముదరకముందే మేపేయాలని కాపరి తొందర.

ఇలాంటి నేలకు మన భాషల్లో మంచి పేర్లే ఉన్నాయి. మరాఠీలో గాయరాన్, కురణ్. తెలంగాణలో కంచ, బంచరాయి. 2025 ఏప్రిల్‌లో చెట్ల నరికివేతను సుప్రీంకోర్టు ఆపించిన హైదరాబాద్ కంచ గచ్చిబౌలి పేరులో ఉన్నది ఆ కంచే. నాందేడ్, నిజామాబాద్ ఒకే నిజాం పాలనలో ఉన్న రోజుల్లో 1317 ఫస్లీ భూమి శిస్తు చట్టం వచ్చింది, అంటే సుమారు 1907. ఊరి పశువుల ఉచిత మేతకు కొంత నేల విడిగా ఉంచే వీలు అందులో ఉంది. 1956లో మరాఠ్వాడా బొంబాయి రాష్ట్రంలో కలిసింది, 1960లో మహారాష్ట్ర అయింది. ఆ రాష్ట్రం 1966లో చేసుకున్న రెవెన్యూ కోడ్ కూడా ఆ వీలును నిలిపింది.

చట్టంలో చోటు దొరికినా రికార్డులో గౌరవం దొరకలేదు. శిస్తు రాని నేల సర్కారు కంటికి బంజరే. 1900 ప్రాంతంలో హైదరాబాద్–గోదావరి లోయ రైలు మార్గం సికింద్రాబాద్ నుంచి నిజామాబాద్, బాసర, నాందేడ్ మీదుగా మన్మాడ్ దాకా పరచుకుంది. రైలుతో పాటే పత్తికి గిరాకీ పెరిగింది. నాందేడ్‌లో ఉస్మాన్‌షాహీ మిల్లు లేచింది. నాగలి దిగే చోటల్లా నల్లరేగడి దున్నకానికి వచ్చింది, పచ్చిక మొరం మీదికి జరిగింది.

స్వాతంత్ర్యం వచ్చాక ఆ మొరం మీదా తగువు మొదలైంది. ఊళ్ళో సెంటు భూమి లేని దళితులు గాయరాన్‌లో సాగు పట్టారు. దళిత నేత దాదాసాహెబ్ గైక్వాడ్ నాయకత్వంలో 1959లో, మళ్ళీ 1964లో భూమి సత్యాగ్రహాలు జరిగాయి. 1990 ఏప్రిల్ 14, అంటే అంబేడ్కర్ శతజయంతి సంవత్సరం మొదలైన రోజు నాటికి ఉన్న సాగును క్రమబద్ధం చేస్తూ 1991లో ప్రభుత్వం ఉత్తర్వు ఇచ్చింది. గాయరాన్ పోవడానికి వాళ్ళే కారణమని చెప్పడం అన్యాయం. ఊరికి ఏ పని పడ్డా, రోడ్డుకైనా, ఆఫీసుకైనా, ఇప్పుడు సౌర విద్యుత్ పలకలకైనా, ముందు చూపు పడేది ఆ ‘ఖాళీ’ నేల మీదే.

హైదరాబాద్‌లోని జాతీయ రిమోట్ సెన్సింగ్ సంస్థ పటాలతో 2000లో దేశపు బంజరు భూముల అట్లాస్ వచ్చింది. ఎన్నో మేత బయళ్ళు అందులో బంజరు పద్దులోకి చేరాయి. బంజరైతే చెట్లు నాటాల్సిందే కదా! మహారాష్ట్ర 2016లో రెండు కోట్ల మొక్కలతో మొదలుపెట్టి 2019లో 33 కోట్ల లక్ష్యానికి చేరింది. పచ్చిక మీద గుంతలు తవ్వి గిరిపుష్పం లాంటి పరదేశపు చెట్లు నాటిన చోట్ల గడ్డి నీడలో చచ్చింది. మిగిలిన చోట సర్కారు తుమ్మ, వయ్యారిభామ కమ్ముకున్నాయి. 1950లలో పుణే దగ్గర తొలిసారి కంటబడిన వయ్యారిభామ లేని ఊరు ఇవాళ లేదు. దాన్ని పశువు ముట్టదు. వానలు తప్పిన ఏడు మరాఠ్వాడాలో చారా ఛావణీలు, అంటే పశువుల మేత శిబిరాలు, పెట్టి లారీల్లో తెచ్చిన గడ్డితో పశువులను సాకాల్సి వస్తుంది.

అమెరికాలోనూ ప్రెయరీలనే గడ్డి మైదానాలను దాదాపు దున్నేసుకున్నాకే తెలివొచ్చింది. విస్కాన్సిన్ విశ్వవిద్యాలయం 1930లలో పాత పొలంలో ప్రెయరీని తిరిగి నాటడం మొదలుపెట్టింది. ఇప్పుడు అక్కడ ఇళ్ళ ముందు లాన్ తీసేసి స్థానిక గడ్డి పెంచేవాళ్ళున్నారు.

బయలు మొక్కను ఇంటికి తెచ్చుకోవడం మనకు కొత్త కాదు. నాందేడ్ జిల్లా ధర్మాబాద్, బిలోలి, దెగ్లూర్ తెలుగు ఇళ్ళలో బతుకమ్మ పేరుస్తారు. ఆ తాంబాళంలో ముందు పడేవి తోటపూలు కావు. మొరం గుట్ట మీది తంగేడు, చేను గట్టు మీది గునుగు. గుట్టలు పోయిన పట్టణాల్లో ఆ పూలను అంగట్లో తూకానికి కొంటున్నారు. కొనే బదులు వాకిట్లో పెంచుకోవచ్చు. తంగేడుకు ఎరువు అక్కర్లేదు, వేరు పట్టాక నీళ్ళూ అక్కర్లేదు. పసుపు సీతాకోకలు దాని ఆకుల మీద గుడ్లు పెడతాయి. చూరు నీళ్ళు పడే చోట రెండు వట్టివేరు దుబ్బులు పెడితే మట్టి కోసుకుపోదు. గేటు పక్క రెండు గజాల మొరాన్ని సిమెంటు చేయకుండా వదిలి, మార్వెల్ గింజను పేడలో కలిపి చల్లి, దీపావళి దాటాక ఒక్కసారి కోసుకుంటే చాలు.

గింజ చల్లాల్సింది మృగశిర కార్తెకు ముందు. ఇంటి దగ్గర చోటు లేనివాళ్ళు ఒక్క పని చేయవచ్చు. ఈసారి ఊరి గాయరాన్‌లో మొక్కలు నాటుదామని ఎవరైనా వస్తే, ముందు అక్కడ ఏ గడ్డి ఉందో గొర్రెల కాపరిని అడిగి రమ్మనండి.