రీలు తెగితే మా పంట పండేది

జూబ్లీహిల్స్ చెక్‌పోస్ట్ నుంచి ఫిల్మ్‌నగర్ వైపు వెళ్తే స్టూడియోలు, ఫిల్మ్ ఛాంబర్, హీరోల ఇళ్ళు అన్నీ కనబడతాయి. ఫిల్ము ఒక్కటే కనబడదు. సినిమా ఇప్పుడు హార్డ్‌డిస్కులోనో ఉపగ్రహం మీదుగానో థియేటరుకు చేరుతోంది. అంటే మా తరం అగ్గిపెట్టెల్లో దాచుకున్న ఫిల్ము ముక్క ఇక కొత్తగా పుట్టదు.

అసలు అది పుట్టిందే పొరపాటున. వెయ్యడుగుల రీలంటే దాదాపు పదకొండు నిమిషాల ఆట. అడుగుకు 16 బొమ్మలు, సెకనుకు 24. ఊళ్ళు తిరిగి తిరిగి అంచులు అరిగిపోయిన ప్రింటు సరిగ్గా ఫైటింగులో పుటుక్కుమనేది. హాల్లో ఈలలు, కేకలు. ఆపరేటరు చెడిన బొమ్మలు కత్తిరించేసి, కొసలు గీకి, సిమెంటు రాసి అతికించేవాడు. ఆ కత్తిరింపుల కోసమే మేం కేబిన్ మెట్ల దగ్గర కాపు కాసేవాళ్ళం.

మాలాగే అమెరికా పిల్లలు దాచుకునే బేస్‌బాల్ కార్డులది వేరే దారి. సిగరెట్ పెట్టె నలిగిపోకుండా పెట్టే అట్టముక్క మీద 1880ల్లో ఆటగాళ్ళ బొమ్మలు వేశారు. అది కంపెనీల ఎర. తర్వాత బబుల్‌గమ్ వాళ్ళు అందుకున్నారు. 1952లో టాప్స్ కంపెనీ వేసిన మికీ మాంటిల్ కార్డు ఒకటి 2022 వేలంలో కోటీ 26 లక్షల డాలర్లు పలికింది.

మా ముక్కకు వేలం లేదు గానీ మారకం లెక్క మాత్రం పక్కాగా ఉండేది. కిరీటం పెట్టుకున్న ఎన్టీఆర్ ఒక్కడికి మామూలు ముక్కలు నాలుగు. ఏయన్నార్ పంచెకట్టులో ఉంటే మూడు. ఎస్వీఆర్ గద ఎత్తితే బేరమే లేదు. సావిత్రిని ఎవరూ పైకి అడిగేవారు కాదు, దొరికితే ఇచ్చేవారూ కాదు. టైటిళ్ళ ముక్క ఊరికే ఇచ్చినా ఎవడికీ అక్కర్లేదు.

చూడ్డానికి యంత్రం కూడా ఇంట్లోనే తయారు. మాడిపోయిన బల్బు వెనక మూత ఊడగొట్టి, లోపలి తీగ లాగేసి నీళ్ళు నింపితే అదే కటకం. బయట ఒకడు అద్దంతో ఎండను తలుపు సందులోకి కొట్టాలి. లోపల ఇంకొకడు ముక్కను తలకిందులుగా బల్బు ముందు పట్టుకోవాలి. సున్నం గోడ మీద రామారావు నిలబడేవాడు. అద్దం పట్టినవాడి చెయ్యి వణికితే ఆయనా వణికేవాడు.

ముక్కను వెలుగుకు పట్టి చూస్తే సినిమా చరిత్ర కూడా తెలుస్తుంది. 1963లో వచ్చిన ‘లవకుశ’ తెలుగులో తొలి పూర్తి రంగుల చిత్రం. 1974 నాటి ‘అల్లూరి సీతారామరాజు’ తొలి సినిమాస్కోప్. ఆ ముక్కలో హీరో కృష్ణ వెదురుబొంగులా సన్నగా, పొడుగ్గా ఉంటాడు. వెడల్పాటి బొమ్మను 35 ఎం.ఎం. ఫిల్ములో ఇరికించడానికి కెమెరా కటకం పక్కల నుంచి నొక్కేస్తుంది, ప్రొజెక్టరు కటకం మళ్ళీ సాగదీస్తుంది. ఈ సంగతి తెలియక, ప్రింటు చెడిపోయిందనుకుని అలాంటి ముక్కలు కాలవలో పారేశాం. తలచుకుంటే ఇప్పటికీ కడుపు తరుక్కుపోతుంది. 1986లో అదే కృష్ణ తన పద్మాలయా సంస్థకు ‘సింహాసనం’ తీసి తెలుగుకు 70 ఎం.ఎం. తెచ్చాడు. ఆ ముక్క మామూలు ముక్కకు రెట్టింపు వెడల్పు.

మేం పారేసినవి ముక్కలే, మొత్తం ప్రింట్లే పోయిన సందర్భాలూ ఉన్నాయి. పాత నైట్రేట్ ఫిల్ము నిప్పు తగిలితే భగ్గుమనేది. నలుపు తెలుపు ప్రింట్లలో వెండి ఉంటుంది కనుక ఆడటం అయిపోయాక వాటిని కరిగించుకున్నవారూ ఉన్నారు. తెలుగులో తొలి టాకీ, 1932 నాటి ‘భక్త ప్రహ్లాద’ ప్రింటు ఇవాళ మనకు లేదు.

మీ అటక మీద అలాంటి ముక్కలుంటే ఒకసారి దించి వాసన చూడండి. వెనిగర్‌లా పుల్లగా ఉంటే ఫిల్ము కుళ్ళుతోందన్న మాట. వాటిని వేరు చేసి, మంచివాటిని ప్లాస్టిక్ డబ్బాలోంచి తీసి కాగితం కవర్లలో, చల్లగా, తడి తగలని చోట పెట్టండి.