సైకిల్ దారి సేఫేనా? నెల్లూరు నుంచి మైపాడు దాకా.. మార్కులు వేసేది ఇలా

నెల్లూరు నుంచి మైపాడు బీచ్‌కు సుమారు 25 కిలోమీటర్లు. ఇందుకూరుపేట మీదుగా వెళ్లే ఈ దారి పొద్దున్నే సైకిల్ తొక్కేవారికి హాయిగానే ఉంటుంది. చదునైన నేల, వరి పొలాలు, సముద్రం దగ్గరపడే కొద్దీ రొయ్యల గుంటలు. కానీ అదే దారిలో తొమ్మిదో తరగతి అమ్మాయి సాయంత్రం స్కూల్ నుంచి ఇంటికి వెళ్లాలంటే? అప్పుడు లెక్క వేరు.

సైకిల్ దారిని అంచనా వేయడానికి బాగా వాడుకలో ఉన్న పద్ధతి ‘లెవల్ ఆఫ్ ట్రాఫిక్ స్ట్రెస్’. అమెరికాలోని మినేటా ట్రాన్స్‌పోర్టేషన్ ఇన్‌స్టిట్యూట్ 2012లో దీన్ని ప్రచురించింది. ఇందులో 4 స్థాయిలు ఉంటాయి. మొదటిది పిల్లలు కూడా భయం లేకుండా వెళ్లగలిగేది. రెండోది చాలామంది పెద్దలకు ఫరవాలేదనిపించేది. మూడోది అలవాటున్నవారికి. నాలుగోది తెగింపు ఉన్నవారికి మాత్రమే. ఎన్ని లేన్లు, బండ్ల వేగం ఎంత, సైకిల్‌కు విడిగా చోటుందా, కూడలి దాటడం ఎంత కష్టం అన్నవి చూసి స్థాయి ఇస్తారు.

అసలు కిటుకు ఏంటంటే, ఇందులో సగటు తీయరు. దారిలో అన్నిటికంటే చెడ్డ ముక్క ఏ స్థాయిలో ఉంటే మొత్తం దారిదీ అదే స్థాయి. పొలాల మధ్య 20 కిలోమీటర్లు ప్రశాంతంగా ఉన్నా, మైపాడు గేట్ సెంటర్ దాటడానికి భయపడితే ఆ పిల్లకు దారి లేనట్టే. పోర్టు లారీలు తిరిగే ముత్తుకూరు వైపు ఈ పరీక్ష ఇంకా కఠినం.

వేగం సంగతి మరీ ముఖ్యం. బండ్లు, సైకిళ్లు, పాదచారులు కలిసి తిరిగే చోట గంటకు 30 కిలోమీటర్లు మించకూడదని 2020 ఫిబ్రవరి నాటి స్టాక్‌హోమ్ డిక్లరేషన్ చెప్పింది. ఊళ్ల మధ్య నుంచి వెళ్లే మన రోడ్లలో ఆ వేగం పాటించేవారు ఎంతమంది?

విదేశీ పట్టికల్లో దొరకనివీ కొన్ని ఉన్నాయి. తారు అంచుకు, మట్టి మార్జిన్‌కు మధ్య ఎత్తు తేడా ఎంత? వెనక లారీ హారన్ కొడితే సైకిల్ దిగాల్సింది అక్కడికే. అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా వానలకు ఆ మార్జిన్ బురదవుతుంది. కోతల టైమ్‌లో రోడ్డు మీదే వడ్లు ఆరబోస్తే ఉన్న చోటు సగమే. ఎండాకాలం మధ్యాహ్నం దాటితే సముద్రపు గాలి, అంటే బీచ్ వైపు తొక్కేవారికి ఎదురుగాలి. చెట్టు నీడ, వీధిలైటు కూడా లెక్కలోకి రావాల్సిందే.

మరి విడిగా ట్రాక్ వేస్తే సరిపోతుందా? హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు పక్కన సోలార్ పైకప్పుతో 23 కిలోమీటర్ల ట్రాక్‌ను 2023 అక్టోబర్ 1న ప్రారంభించారు. నీడ, వెడల్పు, భద్రత అన్నీ ఉన్నాయి. అయితే అక్కడి దాకా సైకిల్ మీద చేరడమే అసలు సమస్య. వ్యాయామానికి అది గొప్ప చోటు, ఆఫీసుకో బడికో వెళ్లేవారి దారి మాత్రం ఇంటి గుమ్మం నుంచి మొదలవుతుంది.

కొలతలు మన దగ్గర లేక కాదు. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ సైకిల్ ట్రాక్‌లపై ఐఆర్‌సీ-11 మార్గదర్శకాలను 1962లోనే ఇచ్చింది, 2015లో సవరించింది. ‘బడికొస్తా’ పథకం కింద రాష్ట్ర ప్రభుత్వం అప్పట్లో సర్కారు బడి అమ్మాయిలకు సైకిళ్లూ ఇచ్చింది. వాళ్లు వెళ్లే దారిని కొలవడమే మిగిలింది.

ఇంకో జాగ్రత్త. ప్రమాదాల రికార్డు ఒక్కటే చూసి ‘ఇక్కడ ఎవరికీ ఏం కాలేదు, సేఫ్’ అనుకోవడం పొరపాటు. భయంతో ఎవరూ సైకిల్ తీయని రోడ్డులోనూ ప్రమాదాలు సున్నానే.

ఊళ్లోవాళ్లే చేసుకోదగ్గ పరీక్ష ఒకటుంది. బడి వేళకు ఒకసారి, చీకటి పడ్డాక ఒకసారి, వాన వెలిసిన మర్నాడు ఒకసారి.. రోజూ తొక్కే అలవాటు లేని పెద్దవాళ్లు అదే దారిలో వెళ్లి రావాలి. ఎన్నిసార్లు దిగి నెట్టాల్సి వచ్చిందో, ఎక్కడ దిగారో రాసుకోవాలి. మూడుసార్లూ ఒకే చోట దిగారంటే, పంచాయతీకో ఆర్ అండ్ బీ అధికారులకో ఇచ్చే అర్జీలో మొదట రాయాల్సిన చోటు అదే.